రంగుల మిషన్ డాక్టరమ్మ

తెర మీద ఎరుపు చూపిస్తే ఆడపిల్ల, నీలం చూపిస్తే మగపిల్లాడు. నోటితో చెప్పడం నేరం కాబట్టి ఆమె రంగుతో చెప్పేది. గోదావరిఖనిలో ఏ ఇంటికి వెళ్ళినా ఆ స్కానింగ్ డాక్టరమ్మ గురించి ఈ మాటే వినిపిస్తుంది. ఇది శుద్ధ అబద్ధం. తిట్టడానికి వాడే అబద్ధమైతే ఖండించి ఊరుకుందును. దీన్ని ఆమెకు పొగడ్తగా వాడుతున్నారు. అదీ నా బాధ.

మొన్న సెంటినరీ కాలనీలో చుట్టాల ఇంట్లో పసిపాపకు ఇరవై ఒకటో దినం చేశారు. క్వార్టర్ ముందు షామియానా కింద బంతిలో కూర్చున్నాం. నా పక్కనున్నావిడ బొక్క నములుతూ, "రంగుల మిషన్ డాక్టరమ్మ లేదూ, సచ్చిపోయిందట. ఆంధ్రల, వాళ్ళ ఊర్లనే" అంది. నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఎప్పుడు, ఎట్లా అని నేను అడిగేలోపే ఎదుటి వరుసలో ఇంకొకావిడ అందుకుంది.

"పాపం, మంచిది. మొఖం గట్ల పెట్టేది గని, గరీబోళ్ళకు రంగుతోటి చెప్పేది."

"ఏం చెప్పేది?" అన్నాను.

"ఏం చెప్తది అక్కా, కొడుకా బిడ్డనా అని. మా చెల్లెకు ఎర్రగ చూపెట్టింది. బిడ్డనే పుట్టింది."

"ఎరుపు ఒక్కటే చూపెట్టిందా?"

"నీలం సుత ఉండె. ఎర్ర ఎక్కువుండె."

"ఎంత ఎక్కువ? తూకం ఏసినవా?"

బంతి మొత్తం నవ్వింది. ఆవిడ నవ్వలేదు. "సచ్చినామెను మంచిగనే అంటున్నం గదా, నీకేంది తక్లీబు? కాలేజీల చెప్పింది చాలక బువ్వ కాడ సుత పాఠమేనా!" అంది. ఇంటావిడ పరుగున వచ్చి నా విస్తరిలో ఇంత కూర వేసి, "తినక్కా, సల్లారుతది" అని నా నోరు మూయించింది. ఇంటర్ పిల్లలకు పౌరశాస్త్రం చెప్పేదాన్ని. నోరు మూసుకోవడం నా వృత్తిలో లేదు. అక్కడ మూసుకున్న నోరు ఇక్కడ తెరుస్తున్నాను.

ఆమెది పొగరు అనే జట్టు ఇంకొకటి ఉంది. నవ్వదు, పలకరించదు, తెర మనవైపు తిప్పదు. నిజమే. కానీ ఆ ముఖాన్ని అట్లా చెక్కింది మనమే. కొత్తగా వచ్చినప్పుడు బాగానే నవ్వేదట. ఆమె ఎవరిని చూసి నవ్వితే వాళ్ళకు కొడుకు పుడతాడని మనవాళ్ళు లెక్క తీశారు. నవ్వడం మానేసింది. స్కాన్ చేస్తూ కడుపులో బిడ్డతో మాట్లాడే అలవాటు ఉండేది. "తిరుగమ్మా, ఇటు తిరుగు తల్లీ" అనేది. వాళ్ళ వైపు ఎవరినైనా అట్లాగే అంటారు. 'అమ్మా' అన్నది కాబట్టి ఆడపిల్లే అని బయట వరండాలో ఏడుపులు. 'నాన్నా' అంటే మిఠాయి పొట్లాలు. చివరికి విసిగిపోయి కడుపులో ఉన్న ప్రతి ప్రాణినీ 'ఏమండీ' అని పిలవడం మొదలుపెట్టింది.

"ఏమండీ, కాస్త తల ఇటు తిప్పుతారా? ఏమండీ, మిమ్మల్నే!"

కోస్తాలో పెళ్ళాం మొగుణ్ణి పిలిచే పిలుపు అది. మంచం మీద పడుకున్న ఆడవాళ్ళకు నవ్వు ఆగేది కాదు. కడుపు కదిలేది, తెర మీద బొమ్మ కదిలేది. "మీరు నవ్వితే లోపల వారు పరిగెడతారు. ఊరుకోండి" అని కసిరేది. తను మాత్రం పెదవి కదిపేది కాదు.

గోడ మీద పెద్ద బోర్డు ఉండేది, ఇక్కడ లింగ నిర్ధారణ చేయబడదు అని. మనవాళ్ళు బోర్డును ఎట్లా చదువుతారో తెలుసు కదా. 'ఇక్కడ చెత్త వేయరాదు' అని రాసి ఉన్నచోటే చెత్త పడుతుంది. చేయబడదు అని రాసుకున్నదంటే ఏదో చేస్తుందన్నమాట.

ఎండాకాలంలో ఊరు బొగ్గుల కుంపటిలా ఉన్నప్పుడు ఆ గది ఒక్కటే చల్లగా ఉండేది. మిషన్ కోసం ఏసీ ఎప్పుడూ నడవాలి. కడుపుతో ఉన్న ఒక్క మనిషి వెంట ఐదుగురు చుట్టాలు వచ్చి, చల్లదనానికి కదలకుండా కూర్చునేవాళ్ళు. "స్కానింగ్‌కి వచ్చారా, సేద తీరడానికి వచ్చారా? లేవండి" అని తరిమేది. మండు వేసవిలో ముదురు ఆకుపచ్చ స్వెట్టర్ వేసుకుని పని చేసే మనిషిని నేను ఆమెనొక్కదాన్నే చూశాను. కడుపు మీద రాసే జెల్ సీసాను మాత్రం వేడినీళ్ళ చెంబులో నిలబెట్టేది. ఏసీ గదిలో చల్లటి జెల్ పడితే ఉలిక్కిపడతారని.

అన్నిటికంటే నాకు గుర్తుండిపోయింది ఆమె కుడిచేయి. ఊరి అంచున ఓపెన్‌కాస్టు బొగ్గు గని. పగటి షిఫ్టు మధ్యలో బ్లాస్టింగ్ చేస్తారు. ముందు సైరన్ మోగుతుంది, కాసేపటికి భూమి లోపల ఎవరో దబ్బున పడ్డట్టు అదురుతుంది. మనం అలవాటుపడిపోయాం, గిన్నెలు గలగలమంటే ఎత్తి పెట్టుకుంటాం, అంతే. ఆమె మాత్రం సైరన్ వినగానే చేయి ఎత్తేసేది. కడుపు మీద నుంచి మిషన్ గొట్టాన్ని లేపి, గాల్లో పట్టుకుని ఎదురుచూసేది. అదురు వచ్చి పోయేది, చెంబులో సీసా టకటకమనేది. అప్పుడు మళ్ళీ చేయి దించేది. "అదిరినప్పుడు చూసింది చూసినట్టు కాదు" అనేది. చుట్టాల వెంట నేను ఆ గదికి ఎన్నిసార్లు వెళ్ళానో అన్నిసార్లూ ఇదే.

ఇక రంగు సంగతి. ముందు ఆమె దగ్గర అందరి దగ్గరా ఉన్నట్టే నలుపు తెలుపు మిషన్ ఉండేది. తర్వాత కొత్తది తెచ్చింది. రక్తం ఎటు పారుతోందో రంగుల్లో చూపించేది, రక్తనాళాలను తీగల అల్లికలా తిప్పి తిప్పి చూపించేది. ఆమెకు పిచ్చి ఒక్కటే, మూడో నెలలో పిండం తల లోపలి రక్తనాళాలు. రేగుపండంత తల. అందులో అడుగున చిన్న వలయం, ఆ వలయంలోంచి పైకి పాకే దారాలు. ఇంత తొందరగా అవి చూడటం పెద్ద ఊళ్ళల్లోనే అరుదట. ఈమె ఖనిలో, బస్టాండు వెనక సందులో కూర్చుని చూసేది. అయితే అందరికీ చూసేది కాదు. మేనరికమో, పాత కాన్పులో తేడా వచ్చి ఉండటమో, అనుమానం ఏదైనా ఉంటేనే రంగు నొక్కేది. నొక్కి వెంటనే తీసేసేది.

"ఎందుకంత తొందర?" అని ఒకసారి అడిగాను.

"ఆ రంగు ఊరికే రాదండీ. దానికి మిషన్ ఎక్కువ శక్తి పంపాలి. అంత చిన్న తలకు అనవసరంగా వేడి ఎందుకు? మీ ఊళ్ళో అసలే వేడి" అంది.

ఇప్పుడు చూడండి ఎట్లా తిరిగిందో. తెర చాటుగా తొంగిచూసే అత్తలకు కనపడేది ఏమిటి? బూడిదరంగు తెర. అందులో ఒక్కసారి ఎర్రగా మెరుపు. వెంటనే మాయం. దొంగసైగ కాకపోతే మరేమిటి అనుకున్నారు. బిడ్డ తలకు వేడి తగలకూడదని ఆమె పడిన జాగ్రత్త బయటికొచ్చి పుకారు అయింది. ఎరుపు కుంకుమ రంగు కాబట్టి ఆడపిల్ల. మిగిలింది నీలం కాబట్టి మగపిల్లాడు. తర్కం అద్భుతం.

ఆ అద్భుతం మా ఇంట్లోకి వచ్చిన రోజు చెబుతాను. రాష్ట్రం రావడానికి ఆరేడేళ్ళ ముందు. మా తమ్ముడి భార్య సరితకు మూడోసారి నెల తప్పింది. ఇద్దరూ ఆడపిల్లలే. సరిత మా మేనమామ కూతురు, అంటే మా అమ్మకు సొంత తమ్ముడి బిడ్డ. మా అమ్మ చేతుల్లో పెరిగింది. అయినా ఈసారి కొడుకు కావాల్సిందే అని మా అమ్మ పట్టు. ఆవిడ రాక్షసి ఏమీ కాదు. బొగ్గుబాయి నౌకరి మా తాత నుంచి మా నాన్నకు వచ్చింది, మా నాన్న ఊపిరి ఆడక దిగిపోతే తమ్ముడికి వచ్చింది. ఆ పద్ధతి ఇక ముందు ఉంటుందో పోతుందో ఎవరికీ తెలియని రోజులవి. మా అమ్మకు మాత్రం అనుమానం లేదు. "నౌకరి రేపు ఎవ్వలకు వెట్టాలె? అల్లునికి వెడ్తరా?" అనేది. ఆడపిల్లలకు కూడా పెట్టాలని నేను వాదిస్తే, "పెట్టినంక మాట్లాడు" అనేది.

మూడో నెల నిండుతుంటే సరితను నేనూ అమ్మా తీసుకెళ్ళాం. డాక్టరమ్మ మేనరికమా అని అడిగింది. అవునన్నాం. చాలాసేపు నలుపు తెలుపులో చూసింది. "ఏమండీ, కాస్త కిందికి చూడండి" అని లోపలివారిని బతిమాలింది. రంగు నొక్కింది, తీసింది. మళ్ళీ నొక్కింది, తీసింది. మా అమ్మ తెర పక్కనుంచి మెడ సాచి చూస్తూనే ఉంది.

"తల ఆకారం బాగుంది" అంది డాక్టరమ్మ. "పైన వంపు తిరిగే సన్నటి రక్తనాళం ఒకటి ఉంటుంది. ఈ నెలకు కొందరిలో కనబడుతుంది, కొందరిలో కనబడదు. నాకు కనబడలేదు. మేనరికం కాబట్టి నాలుగో నెల నడుస్తుండగా మళ్ళీ రండి."

"లేదా?" అంది మా అమ్మ.

"కనబడలేదు అన్నాను. లేదు అనలేదు."

ఈ మాట ఆమె నోట రోజుకు ఎన్నిసార్లు వచ్చేదో. ఊళ్ళో పిల్లలు కూడా వెక్కిరించేవాళ్ళు. ఇంట్లో ఉప్పు డబ్బా కనపడకపోతే, కనబడలేదు అన్నాను, లేదు అనలేదు అని.

ఇంటికి రాగానే మా అమ్మ మంచం మీద కూర్చుని తీర్పు చెప్పేసింది.

"ఆడివిల్ల. కండ్లార ఎర్రగ చూసిన. అందుల తలల నరం సుత లేదు. గింకెందుకు? పక్కూర్ల క్లినిక్ ఉన్నది, మాట్లాడి వస్త."

"నరం లేదని ఎవరన్నరు?" అన్నాను.

"ఆమెనే అన్నది."

"కనబడలేదు అన్నది."

"కనబడంది ఉన్నట్టు ఎట్లయితది? చీకట్ల ఉన్న బర్రెకు పాలు పిండుతమా?"

తమ్ముడు స్టూలు మీద కూర్చుని బూట్ల లేసులు విప్పుకుంటున్నాడు. ఎవరూ తనను ఏమీ అడగకుండా ఉంటే చాలు అనుకునే రకం వాడు. సరిత వంటగదిలో బియ్యం కడుగుతోంది. కడిగిన బియ్యమే మళ్ళీ కడుగుతోంది.

మర్నాడు నేను ఒక్కదాన్నే డాక్టరమ్మతో కొట్లాడటానికి వెళ్ళాను. మధ్యాహ్నం, జనం పలచగా ఉన్నారు. ఆమె చెంబులో నీళ్ళు మారుస్తోంది.

"మీకు కనబడకపోతే కడుపులో పెట్టుకోవాలి కానీ, మా అమ్మ చేతిలో కత్తి ఎందుకు పెట్టారు?" అన్నాను.

ఆమె విసుక్కోలేదు. ఎవరిదో పేరు తీసేసిన పాత బొమ్మ ఒకటి తెర మీదికి తెచ్చింది. తల అడుగు నుంచి లేచిన ఎర్రటి గీత ఒకటి, కొడవలి మొనలా వంగి ఉంది.

"ఇది. మెదడులో రెండు సగాలను కలిపే వంతెన ఒకటి తర్వాత కడతారు. ఇప్పుడు కనబడదు, ఐదో నెలకు గానీ తెలియదు. కానీ ఈ నాళం దాని మీదుగానే పోతుంది. మీ కాలనీలో క్వార్టర్లు కట్టకముందే నల్లా పైపు వేస్తారు కదా? పైపు కనబడితే ఇల్లు వస్తుందని ధైర్యం. అంతే. కనబడకపోతే ఇల్లు రాదని కాదు. పైపు మట్టిలో ఉండొచ్చు. నా కళ్ళకు ఆనకపోవచ్చు. వారు అటు తిరిగి పడుకుని ఉండొచ్చు."

"ఇంత చూసి కూడా తెలియనప్పుడు చూడటం ఎందుకు?"

"చూస్తేనే కదండీ ఎంత తెలియదో తెలిసేది."

"కనబడిందని ఒక్క మాట అంటే మీ సొమ్ము ఏం పోయేది?"

ఆమె నావైపు తిరిగింది. "ఇవాళ మీరొచ్చి కనబడనిది కనబడిందని చెప్పమంటారు. రేపు ఇంకొకరొచ్చి కనబడింది కనబడలేదని చెప్పమంటారు. మీరు మంచికే అడుగుతున్నారు. వాళ్ళూ మంచికే అనుకుంటారు. నేను ఎవరి మంచిని నమ్మాలి?"

సంచీ భుజాన తగిలించుకున్నాను.

లేచి వస్తుంటే అడిగింది. "మీ అమ్మగారు ఎరుపు చూశారు కదూ?"

"చూసింది."

"రేపు తీసుకురండి. ఆవిడనీ, సరితనీ."

మర్నాడు ముందు మమ్మల్నిద్దరినీ బయటికి పంపి సరిత ఒక్కదానితో ఏదో మాట్లాడింది. తర్వాత మమ్మల్ని పిలిచి మా అమ్మను కుర్చీలో కూర్చోబెట్టింది. పమిట కాస్త తొలగించి మెడ మీద జెల్ రాసింది.

"నాకెందుకే తల్లీ, నాకేం కడుపా కాలా!" అని మా అమ్మ లేవబోయింది.

"కూర్చో అవ్వా. వెచ్చగా ఉంది కదా?" అని మెడ మీద గొట్టం ఆనించి, జీవితంలో మొదటిసారి అనుకుంటాను, స్కాన్ నడుస్తుండగా తెరను మావైపు తిప్పింది. రంగు నొక్కింది. ఎర్రటి పాయ ఒకటి, పక్కనే నీలం పాయ ఒకటి, మా అమ్మ గుండె కొట్టుకున్నప్పుడల్లా మెరుస్తున్నాయి.

"ఇది మీ మెడే. ఎరుపు ఉంది, నీలం ఉంది. అవ్వా, మెడలో కవలలా?"

గదిలో అందరం నవ్వాం. మా అమ్మ నవ్వలేదు, తెరనే చూస్తోంది. డాక్టరమ్మ గొట్టాన్ని అక్కడే అటునుంచి ఇటు తిప్పి ఆనించింది. ఎరుపు నీలమైంది, నీలం ఎరుపైంది.

"ఇప్పుడు చెప్పండి. నా చేయి తిప్పితే ఆడపిల్ల మగపిల్లాడయ్యాడా?"

మా అమ్మ తెర దగ్గరకు వంగి రెండు పాయలనూ వేలితో చూపించింది. తర్వాత నెమ్మదిగా, "అంటే, నెత్తురు వచ్చేది ఒక రంగు, పోయేది ఒక రంగు. షిఫ్టుకు పోయేటోళ్ళు, దిగి వచ్చేటోళ్ళు లెక్క" అంది.

"అంతే అవ్వా. మీరు ఒక్కసారికే పట్టుకున్నారు" అంది డాక్టరమ్మ. ఆమె గొంతులో నవ్వు వినపడింది. ముఖంలో మాత్రం లేదు.

ఈ తతంగం చూసి వరండాలో ఉన్న అత్తలంతా నాకు సుత చూడు, నాకు సుత చూడు అని మీద పడ్డారు. ఇద్దరు ముగ్గురికి చూపించింది కూడా. ఇంతటితో పుకారు చచ్చిపోతుందని నేను సంబరపడ్డాను. ఎంత పిచ్చిదాన్ని! వారం తిరగకముందే ఊళ్ళో కొత్త మాట పుట్టింది. రంగుల మిషన్ డాక్టరమ్మ ఇప్పుడు అత్త మెడ చూసి కూడా కోడలి కడుపులో ఎవరున్నారో చెప్తదట!

ఆ రోజు తిరుగు బస్సులో సరిత కిటికీ పక్కన కూర్చుంది. డాక్టరమ్మ ఏమడిగిందని అడిగాను.

"నీకు కావాల్నా అని అడిగింది వదినె. అత్త సంగతి, ఆయన సంగతి ఇడిసిపెట్టు, నీకు కావాల్నా అన్నది."

"నువ్వేమన్నవ్?"

"కావాలె అన్న. ఆడివిల్లయినా కావాల్నా అన్నది. నా బిడ్డలిద్దరు ఆడివిల్లలే గద, వాళ్ళు నాకు వద్దా అన్న. తలల నరం లేకున్నా కావాల్నా అన్నది." కిటికీ అద్దం జరిపింది. "గప్పుడు ఏడుపొచ్చింది. డాక్టరమ్మ ఏమనలే. జెల్ తుడిచే గుడ్డ ఇచ్చింది, మొఖం తుడుసుకొమ్మని."

మా అమ్మ ముందు సీట్లో కూర్చుని ఉంది. వింటున్నదో లేదో తెలియదు. ఇంటికొచ్చాక చెప్పింది.

"రంగు సంగతి సరే. నేను ఎడ్డిదాన్ని, ఒప్పుకున్న. మరి ఆ నరం సంగతేంది? పుట్టినంక మంచం మీద పడి ఉంటే ఎవ్వలు జూస్తరు? నేను ఎన్నేండ్లుంట? నువ్వు చూస్తవా?" నావైపే వేలు చూపించింది. "మళ్ళ చూస్తనన్నది గద, చూడనియ్యి. గప్పుడు సుత కనబడకుంటే నేను ఎవ్వల మాట ఇన. తెల్లారే తీసుకపోత."

ఈ మాటకు నేను రాక్షసి మాట అని పేరు పెట్టలేకపోయాను. ఆడపిల్ల అని అన్నప్పుడు తిట్టడం సులువు. ఇది వేరే భయం. తమ్ముడు ఆ రోజు మొదటిసారి నోరు తెరిచి, "అమ్మ అన్నది సుత నిజమే గదక్కా" అన్నాడు. సరిత లేచి బయట ఆరేసిన బట్టలు తేవడానికి వెళ్ళింది.

నాలుగో నెల నడుస్తుండగా మళ్ళీ వెళ్ళాం. నలుగురం. మా అమ్మ గదిలోకి వస్తూనే డాక్టరమ్మకు ముఖం మీదే చెప్పేసింది. "ఇయ్యాల నాకు ఉన్నదో లేదో చెప్పాలె డాక్టరమ్మా. కనబడలేదు అంటే రేపు పోతున్నం. మాట్లాడి పెట్టుకున్నం."

డాక్టరమ్మ ఆవిడకేసి చూసింది. తర్వాత సరితకేసి. స్వెట్టర్ చేతులు పైకి లాక్కుని కూర్చుంది.

చాలాసేపు నలుపు తెలుపులోనే వెతికింది. బిడ్డ బోర్లా పడుకుని ఉన్నట్టుంది. "ఏమండీ" అంది. సరితను ఎడమపక్కకు తిప్పింది, లేపి నడిపించింది, నీళ్ళు తాగించింది, మళ్ళీ పడుకోబెట్టింది. "ఏమండీ, ఒక్కసారి. ఈ ఒక్కసారి." రంగు నొక్కింది, తీసింది. నుదుటి మీద చెమట కనపడింది, ఆ చల్లటి గదిలో. మళ్ళీ నొక్కి తీసింది. నేను ఆమె భుజం వెనకే నిలబడ్డాను. కొడవలి మొన లాంటి ఆ వంపు ఎట్లా ఉంటుందో నాకు చూపించింది కదా, నేనూ వెతుకుతున్నాను. నాకు కనపడలేదు.

సైరన్ మోగింది.

నేను అలవాటుగా ఆమె చేయి వైపు చూశాను, ఎత్తుతుందని. ఎత్తలేదు. సైరన్ ఆగిపోయింది. చేయి అక్కడే ఉంది. రంగు నొక్కింది. ఈసారి వెంటనే తీయలేదు.

భూమి అదిరింది. మంచం కదిలింది, చెంబులో సీసా టకటకమంది, తెర మొత్తం ఒక్కసారిగా ఎరుపూ నీలమూ కుమ్మరించినట్టు అయిపోయింది. అదిరితే అంతే, కదిలిన ప్రతిదీ రంగుగా కనపడుతుంది, నాకు ఆమే చెప్పింది.

"కనబడింది" అంది డాక్టరమ్మ.

బొమ్మను అక్కడే ఆపింది. ఆ రంగుల కుప్పలో ఒక వంపు మీద వేలు పెట్టింది. "ఇదిగో అవ్వా."

మా అమ్మ ముందుకు వంగింది. "గదేనా?"

"అదే."

"ఉన్నదా మరి?"

"ఉంది" అంది.

కడుపులో బిడ్డ గురించి కనబడింది, కనబడలేదు అనే రెండు మాటలే తప్ప ఆమె నోట 'ఉంది' అనే మాట నేను వినడం అదే మొదటిసారి. నాకైతే ఆ తెర మీద అన్నీ వంపులే కనపడ్డాయి. ఇంకోసారి చూపించమని అడిగేలోపు ఆమె మిషన్ ఆపేసి, చేయి కడుక్కోవడానికి లేచింది. సరిత మంచం మీద అట్లాగే కళ్ళు మూసుకుని పడుకుని ఉంది.

ఐదో నెలలో వంతెన కూడా కనపడింది. ఏ రంగూ అవసరం లేకుండా, తెల్లటి గీతగా, మా తమ్ముడికి కూడా అర్థమయ్యేంత స్పష్టంగా. కాన్పులో ఆడపిల్ల. మా అమ్మ మొదటి రోజు గోడవైపు తిరిగి పడుకుంది. ఇరవై ఒకటో దినానికి తనే తొట్టెల కట్టింది. ఇప్పుడు ఆ పిల్ల ఒకటో తరగతి. బడిలో టీచర్ చెప్పినదానికి ఎదురు చెప్పి వచ్చి మాకు అప్పజెబుతుంది. "గీ నోరు ఎవ్వలిది? మేనత్తదే" అని మా అమ్మ గర్వంగా తిడుతుంది. కంపెనీ నౌకరి ఈ పిల్లకే పెట్టాలని ఈ మధ్య ఆవిడే వాదిస్తోంది.

ఆ అదురు సంగతి ఆమెను అడగడానికి నాకు ఒక్క అవకాశం వచ్చింది. రాష్ట్రం కోసం సమ్మె చేసిన రోజుల్లో. బాయిలు బంద్, బస్సులు బంద్, రోడ్ల మీద వంటలు. స్కానింగ్ రిపోర్టు నెపంతో నేను అడగడానికే వెళ్ళాను. అప్పటికే వాకిట్లో ఒక గుంపు నిలబడి ఉంది. అందరూ తెలిసిన పిల్లలే. "అందరు బంద్ పెట్టిన్రు డాక్టరమ్మా, మీరు సుత షెటర్ దించాలె" అంటున్నారు. వాళ్ళలో ఒకడు, "ఆంధ్రోళ్ళు గదా, ఎందుకు దించుతరు" అన్నాడు.

ఆమె స్వెట్టర్‌లోనే బయటికి వచ్చింది. "ఊళ్ళో గర్భాలు బంద్ పాటిస్తే నేనూ పాటిస్తాను. వాటితో మాట్లాడి రండి" అంది. తర్వాత ఆంధ్రోళ్ళు అన్నవాడి వైపు చూసి, "మీ ఆవిడ లోపల మంచం మీద ఉంది. దించేయమంటారా?" అంది. గుంపు పకపకా నవ్వింది. వాడు కూడా నవ్వి, "కానియ్యిండ్రి, కానియ్యిండ్రి" అంటూ తనే గుంపును పక్కకు జరిపాడు. ఆమె లోపలికి వెళ్ళిపోయింది. నా ప్రశ్న నా దగ్గరే ఉండిపోయింది. మరుసటి ఏడాది భుజం పట్టేసి, చేయి నిలకడ తప్పిందని తనే మిషన్ ఆపేసి, ఊరు వదిలి వెళ్ళింది. రాష్ట్రం వస్తుందని భయపడి పారిపోయింది అనేవాళ్ళున్నారు. వాళ్ళతో ఇంకో బంతిలో కొట్లాడతాను.

ఆమె చూడనిది చెప్పదు అని మొన్న అంతమంది ముందు వాదించబోయాను, కూర వేసి ఆపేశారు. ఇప్పటికీ వాదిస్తాను. కానీ ఆ మధ్యాహ్నం దగ్గరకు వచ్చేసరికి నా గొంతు కాస్త తగ్గుతుంది. పిల్ల నిక్షేపంగా ఉంది కదక్కా, ఇంకేం కావాలి నీకు అంటాడు తమ్ముడు. పిల్ల బాగుండటం నా ప్రశ్నకు జవాబు కాదు. ఆ నాళం కనపడ్డా కనపడకపోయినా పిల్ల ఇట్లాగే ఉండేది, అది ఆమె చెప్పిన పాఠమే. దొరక్క దొరక్క అదురు రాకముందే కనపడింది కాబట్టి వదల్లేకపోయిందా? లేక మంచం మీద కళ్ళు మూసుకున్న ఒక మనిషి 'కావాలె' అన్న మాట గుర్తుకొచ్చి, ఆ అదురు కోసమే ఆగిందా?

అన్నేళ్ళూ సైరన్ వినగానే ఎత్తిన చేయిని, ఆ ఒక్కరోజు ఎందుకు ఎత్తలేదు డాక్టరమ్మా?